కుడితి బకెట్, పదకొండు మాటలు

ముందు పోయినవన్నీ లెక్క రాస్తాను. మా బాపు పోగొట్టుకున్న పొద్దుటి పూటలు వెయ్యిన్నూట నలభై మూడు. అంటే మూడేళ్ల నలభై ఏడు రోజులు. మధ్యలో లీపు సంవత్సరం వచ్చింది కాబట్టి ఆ ఒక్క రోజూ కలిపాను. నడవాల్సి ఉండి నడవని అడుగులు ఇరవై ఆరు లక్షల ఆరు వేల నలభై. ఇది ఉజ్జాయింపు కాదు. నాచారంలో మా ఇంటి గడప నుంచి ఎల్లమ్మ బర్ల కొట్టం దాకా బాపు అడుగులు వెయ్యిన్నూట నలభై, రానూ పోనూ దానికి రెట్టింపు, దాన్ని రోజులతో హెచ్చవేస్తే వచ్చేది అంతే. ఒంటి మీద పడాల్సిన ఉదయపు ఎండ, రోజుకు నలభై నిమిషాల చొప్పున, ఏడు వందల అరవై రెండు గంటలు. ఒంటి బరువు పదిహేను కిలోలు. కింది పళ్లు రెండు. కంపెనీ కొలువు ఒకటి. నా వైపు నుంచి ఒక గ్రాఫ్ పుస్తకం. మాటలు ఎన్ని పోయాయో మాత్రం తేల్చలేకపోయాను. వాటిని లెక్కపెట్టనివ్వలేదు.

ఇవన్నీ ఒక్క మనిషి పేరు మీద రాసి పెట్టుకున్నాను. ఆయన బాపుకు అన్న, నాకు పెద్దబాపు. ఇప్పుడు ఆయనకు ఎనభై రెండేళ్లు, బోడుప్పల్‌లో కొడుకు దగ్గర మూడో అంతస్తులో ఉంటాడు. నేను ఉప్పల్‌లో ఉంటాను. ఇంటర్ దాటి చదవలేదు కానీ ఫలానా స్లాబుకు ఎన్ని బస్తాల సిమెంట్, ఎంత స్టీలు పడుతుందో నేను చెబితే మేస్త్రీలు మళ్లీ లెక్క చూసుకోరు. నాగారం నుంచి కూడా ఫోన్లు వస్తాయి. ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. బాపు పక్కన నడుస్తూ ఆయన అడుగులు లెక్కపెట్టడంతో మొదలైంది.

పోయిన ఏడు పెద్దమ్మ చనిపోయింది. నెల మాసికం అయ్యాక ఆమె కొడుకు నర్సింగన్న ఒక రోజు మా ఇంటికి వచ్చాడు. చేతిలో కవర్, కవర్‌లో అట్ట చినిగిన గ్రాఫ్ పుస్తకం. "అమ్మ పెట్టెల దొర్కింది చెల్లె, చీరల కింద. నీ చేతిరాతనే కద?" అన్నాడు. నా రాతే. నా పదమూడో ఏట రాసింది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తెరవలేదు. నర్సింగన్న చాయ్ తాగుతూ అసలు విషయానికి వచ్చాడు. "నాయినకు బాగుంటలేదు. అమ్మ పోయినకాడికెల్లి గంతే. తినడు, మాట్లాడడు, పగలంత పండుకుంటడు, రాత్రి కండ్లు తెరుసుకుని ఉంటడు. మనాది పట్టింది. డాక్టర్ గోలీలు రాసిండు. నువ్వు జర వచ్చి సూడు." ఇప్పుడేం చేస్తున్నాడని అడిగాను. "ఏమున్నది, రెస్ట్ తీస్కుంటున్నడు" అన్నాడు.

ఆ ఒక్క మాట వినగానే నాకు నాచారం ఇంటి వాసన వచ్చింది.

ఆ ఇంట్లో రెండు కుటుంబాలు, ఒకటే వాకిలి, వాకిలి మూలన కుడితి బకెట్. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, సొరకాయ తొక్కలు, మిగిలిన పప్పు, అన్నీ అందులోకే. మధ్యాహ్నానికి పులిసి ఒక వాసన లేచేది, గాలి కంపెనీల వైపు నుంచి వీస్తే మందుల వాసన వచ్చి దానితో కలిసేది. ఆ రెండూ కలిసిన వాసనే నా చిన్నతనం. పొద్దున్నే బాపు ఆ బకెట్ ఎత్తుకుని ఊరి చివర ఎల్లమ్మ కొట్టానికి నడిచేవాడు. బర్రెలు తాగేవి, ఎల్లమ్మ పితికి చెంబులో పాలు పోసేది, బాపు ఆ కాసేపు బర్రెల వీపు మీద చేతులు వేసి నిలబడేవాడు. నేను బకెట్ పిడికి ఒక పక్క చెయ్యి వేసి నడిచేదాన్ని. మోసింది ఆయనే, కానీ మోస్తున్నానని నన్ను అనుకోనిచ్చాడు. నా అడుగులు వెయ్యిన్నర దాటేవి, ఆయనవి ఎప్పుడూ వెయ్యిన్నూట నలభై. నాలుగైదు అటూ ఇటూ అయితే ఆ రోజు ఆయన ఒంట్లో బాగా లేదన్నమాట. ఇంటికి వచ్చి నీళ్లు పోసుకుని రెండు జొన్న రొట్టెలు తిని డ్యూటీకి పోయేవాడు.

పెద్దబాపు సర్కారీ ఆఫీసులో గుమాస్తా. ఇంటి పెద్ద. తాళంచెవులు ఆయన జేబులో, పేపర్ ముందు ఆయన చేతిలో, ఇత్తడి గ్లాసులో చాయ్ ముందు ఆయనకు. సెలవు రోజు పగలు ఆయన పడుకుంటే పిల్లలం వాకిట్లో గచ్చకాయలు కూడా ఆడకూడదు. "మీ పెద్దబాపు రెస్ట్ తీస్కుంటున్నడు" అని పెద్దమ్మ వేలు పెదాల మీద పెట్టుకునేది. మా ఇంట్లో రెస్ట్ అంటే మర్యాద. కంపెనీలో చెమటోడ్చే మా బాపుకు ఆ మర్యాద ఎప్పుడూ దక్కలేదు. తర్వాత జరిగిన తప్పు అక్కడ పుట్టింది. మంచం మీద పడుకోబెట్టి తలుపు మూయడం కంటే గొప్ప మేలు ఒక మనిషికి చేయలేమని ఆ ఇంట్లో అందరూ నమ్మేవాళ్లు.

బాపును కంపెనీలో వరసగా నెలల తరబడి రాత్రి డ్యూటీకి వేశారు. పొద్దున వచ్చి రేకుల కింద పడుకుంటే ఎండకు రేకులు కాలేవి. రెండు గంటలు, ఎక్కువైతే మూడు గంటల నిద్ర. రాత్రి కూడు చాయ్, బిస్కెట్. రోజుకు ఆరు బీడీలు ఇరవై రెండయ్యాయి. పీకలు ఏరి లెక్కపెట్టింది నేనే. కుడితి బకెట్ అమ్మ చేతికి వచ్చింది. కొన్నాళ్లకు డ్యూటీ లేని రోజు కూడా ఆయనకు నిద్ర రావడం మానేసింది. ఒక రోజు బూట్లు వేసుకోబోయి ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కంపెనీ సైరన్ కూసింది, మళ్లీ కూసింది, ఆయన లేవలేదు.

అమ్మకు చదువు రాదు కానీ మనిషి తెలుసు. కంపెనీకి సెలవు చెప్పించి, పొద్దున్నే బకెట్ తెచ్చి ఆయన చేతికిచ్చేది. కొన్ని రోజులు తీసుకునేవాడు, కొన్ని రోజులు గోడ వైపు తిరిగేవాడు. అప్పుడు నేను లెక్క మొదలుపెట్టాను. ఆరింటి నుంచి నేను బడికి బయలుదేరే తొమ్మిదింటి దాకా ఆయన నోటి నుంచి వచ్చిన మాటలు వేలి కణుపుల మీద లెక్కపెట్టి గ్రాఫ్ పుస్తకంలో గడికి ఒకటి రాశాను. పందొమ్మిది రోజులు. బకెట్ మోసినవి తొమ్మిది, మొయ్యనివి పది. మోసిన రోజుల్లో నలభైకి తగ్గలేదు, రెండు రొట్టెలూ తిన్నాడు. మొయ్యని రోజుల్లో పదిహేను దాటలేదు, రొట్టె సగం మిగిలింది. గీత గీస్తే చిన్న పిల్లకు కూడా కనపడేలా ఉంది. మాకు తెలిసిన మనాది మందు తాయెత్తు ఒక్కటే. ఒంటిని కదిలిస్తే నోరు కదులుతోందని ఆ గీత చెప్పింది.

పందొమ్మిదో రోజు కొట్టం నుంచి వస్తూ బాపు చాయ్ హోటల్ ముందు బకెట్ దించి ఏడ్చాడు. ఊరికే, ఏ కారణమూ లేకుండా, నలుగురి ముందు. ఎవరో భుజం పట్టి ఇంటికి తెచ్చారు. ఏడిస్తే ఏడ్చాడు, ఆ పూట యాభై మూడు మాటలు మాట్లాడాడు. కానీ పెద్దబాపుకు కనపడింది హోటల్ ముందు ఏడ్చిన తమ్ముడే. "ఇజ్జత్ పోయింది" అన్నాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. పదిహేను రోజులు రెస్ట్ ఇచ్చి మళ్లీ తీసుకురమ్మని డాక్టర్ చెప్పాడు. అమ్మ పక్కనే ఉండి వింది. పెద్దబాపు రెస్ట్ దాకా విన్నాడు. సాయంత్రానికి బాపు మంచం వెనక గదిలోకి మారింది. వీధి కిటికీకి చెక్క కొట్టారు. అన్నం గదిలోకే, నీళ్లు గదిలోకే. "పని ముట్టనియ్యకున్రి. బయట అడుగు పెట్టనియ్యకున్రి" అని పెద్దబాపు చెప్పాడు.

ఆయనకు లెక్క చూపిస్తే వింటాడనుకున్నాను. ఆయనా లెక్కలు రాసే మనిషే కదా. ఆ సాయంత్రం సంగతి తెలిసి చుట్టాలు, పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చారు. ఏడెనిమిది మంది. నేను పుస్తకం తీసుకెళ్లి పెద్దబాపు చేతికిచ్చాను. "బకెట్ మోసినప్పుడే మంచిగుంటున్నడు పెద్దబాపు. సూడు" అన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పేజీ తిప్పాడు. తర్వాత పేపర్ చదివే గొంతుతో పైకి చదివాడు. "ఇయ్యాల బాపు పదకొండు మాటలు మాట్లాడిండు." ఒకరు నవ్వారు. "మా తమ్మునికి మా బిడ్డ మీటర్ వెట్టింది, కరెంటు మీటర్ లెక్క" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకో పేజీ చదివాడు. "ఇయ్యాల తొమ్మిదే. బిల్లు తక్కువొస్తదిగ." వెనక గది తలుపు ఓరగా ఉంది. ఆ తలుపు లోపలి నుంచి మెల్లగా మూసుకోవడం నేను చూశాను. పుస్తకం తిరిగి ఇవ్వలేదు. "లెక్కలు బళ్లె చేస్కో" అని బీరువా మీదికి విసిరాడు.

మర్నాడు ఆరు నుంచి తొమ్మిది దాకా వాకిట్లో కూర్చుని విన్నాను. సున్నా. రాసుకోవడానికి పుస్తకం లేదు.

పదిహేను రోజులయ్యాయి, మళ్లీ డాక్టర్ దగ్గరికి పోలేదు. అమ్మ అడిగింది. "రెస్ట్ తీస్కోనియ్యి. నీకేం తెలుసు" అన్నాడు పెద్దబాపు. ఆరు నెలలకు కంపెనీ కొలువు పోయింది. పాల ప్యాకెట్లు రావడం మొదలై కుడితి మోరీలోకి పోయింది. పెద్దమ్మ పళ్లెం తీసుకెళ్లేది, సగం నిండిన పళ్లెం తెచ్చేది. ఇంటికి ఎవరైనా వస్తే బాపు ఊళ్లో లేడని చెప్పేవాళ్లం. పక్క గదిలో ఉన్న మనిషి ఊళ్లో లేడని నేనూ చెప్పాను. ఆ అబద్ధాలకు కూడా లెక్క ఉంది, అది నా పేరు మీద ఉంది.

మూడేళ్ల నలభై ఏడో రోజున పెద్దబాపు వాళ్లు యాదగిరిగుట్టకు పోయారు. అమ్మ తలుపు గడియ తీసి, వారం నుంచి దాచిపెట్టిన తొక్కలూ గంజీ బకెట్లో పోసి బాపు ముందు పెట్టింది. "లే" అంది. ఆయన లేచాడు. నాలుగు వందల అడుగుల దగ్గర కూలబడ్డాడు. కాళ్లు వెదురు బద్దల్లా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు. "కూసో. కూసోని లే. మనకేం బస్సు పోతలేదు" అంది. ఆ వారంలోనే లాలాపేట్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ గోలీలు రాసింది. పొద్దుటి ఎండ, నడక, చేతనైన పని, వేళకు తిండి, వేళకు నిద్ర, ఇవి గోలీలతో సమానంగా రాసుకోండి అంది. నడక ఒక్కటే బాపును బాగు చేసిందని నేను రాయడం లేదు. గోలీలు రెండేళ్లు మింగాడు, అవి లేకపోతే లేచేవాడు కాదేమో. కానీ ఆ గోలీలు ఇచ్చే మనిషి దగ్గరికి పోవడానికి కూడా నడవాలి కదా. పంపు దగ్గర నుంచి మేడ మీద వాళ్లకు నీళ్లు మోసేవాడు. తొమ్మిదింటికి పడుకునేవాడు. పదకొండు నెలలకు మాటలు తిరిగొచ్చాయి.

అన్నీ రాలేదు. నేను ఎదురుగా కూర్చుంటే నోరు తెరిచే ముందు బాపు నా చేతి వైపు చూసేవాడు. బొటనవేలు కణుపుల మీద కదులుతోందా అని. ఒకసారి మెల్లగా అడిగాడు. "లెక్కపెడ్తున్నవా బిడ్డా?" లేదన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తర్వాత పద్నాలుగేళ్లు బతికాడు. ఆ పద్నాలుగేళ్లూ బాపు మాట్లాడుతున్నప్పుడు నా చేతులు వెనకే ఉన్నాయి.

అందుకని నర్సింగన్న వచ్చి అడిగినప్పుడు నాకు సంతోషం కలిగింది. అబద్ధం రాయలేను. ఆదివారం పొద్దున ఆరింటికే బోడుప్పల్ చేరాను, గ్రాఫ్ పుస్తకంతో. గది తలుపు తెరిస్తే చీకటి. కిటికీలకు మందపాటి పరదాలు, ఏసీ చప్పుడు, శబ్దం లేకుండా టీవీ ఆడుతోంది. పెద్దబాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇన్నేళ్లూ ఇలా చూడాలనే కోరుకున్నాను. కుర్చీ వేసుకుని కూర్చుని, కణుపుల మీద బొటనవేలు పెట్టి, తొమ్మిదింటి దాకా లెక్కపెట్టాను. నీళ్లు. వద్దు. ఏసీ పెంచు. ఎవ్వలు? సరూపనా? ఊఁ. వద్దన్న. జర పండుకుంట. పొమ్మను. అన్నీ కలిపితే పదకొండు. నేను ఏరుకున్న అంకె కాదు, అదే వచ్చింది.

అప్పటికి పలకరించడానికి ఇద్దరు చుట్టాలు వచ్చి కూర్చున్నారు. నర్సింగన్న, వదినె చాయ్ తెచ్చారు. నేను పుస్తకం తెరిచి, పేపర్ చదివే గొంతుతో చదివాను. "ఇయ్యాల పెద్దబాపు పదకొండు మాటలు మాట్లాడిండు."

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వు కోసం ఆగాను, రాలేదు. వదినె గ్లాసు కింద పెట్టి, "పదకొండంటె తక్కువనా సరూపా? నేను రోజుకు రెండో మూడో అనుకున్న. ఇయ్యాల నయమే" అంది. నేను దాచుకున్న కత్తి ఆమె చేతిలో కూరగాయలు కోసే కత్తి అయిపోయింది. కానీ మంచం మీద మనిషికి తగలాల్సిన చోటే తగిలింది. ఇటు తిరిగాడు. పుస్తకం వైపు చూశాడు.

"గా పుస్తకం ఇంక ఉన్నదా?" అన్నాడు.

"పెద్దమ్మ దాసిపెట్టింది."

కళ్లు మూసుకున్నాడు. "డాక్టరే రెస్ట్ అని చెప్పిండు బిడ్డా."

"పదిహేను రోజులు చెప్పిండు. గవి తీసేసిన. మిగిలినయి వెయ్యిన్నూట ఇరవై ఎనిమిది పొద్దులు. గవి నీవి."

"ఏం జెయ్యమంటవ్?"

"లే."

"నా కాడ గన్ని రోజులు లెవ్వే. సచ్చిపోత."

"లెక్క అయినంక సావు."

నర్సింగన్న నా చెయ్యి పట్టుకోబోయాడు. పెద్దబాపే వద్దని సైగ చేశాడు.

మర్నాడు ఆయన్ను చూసే డాక్టర్‌ను కలిశాను. నడిపించమని తాను మొదటి రోజే చెప్పానన్నాడు. నర్సింగన్న గోలీల దాకా విన్నాడు. ఆ ఇంటి చెవులు అంతే. గోలీలు ఆపలేదు, వేళకు నర్సింగన్న ఇస్తాడు. పరదాలు రింగులతో సహా విప్పి ఉప్పల్ తీసుకుపోయాను, ఇప్పుడు మా ఇంట్లో బండి తుడవడానికి వాడుతున్నాను. పగటిపూట మంచం ఎత్తి నిలబెట్టించాను. వదినె వంటింటి తొక్కలు, గంజి ఒక చిన్న బకెట్లో పోసి పెడుతుంది. నాలుగు సందుల అవతల ఖాళీ ప్లాట్‌లో యాదయ్య రెండు బర్రెలు కట్టేస్తాడు. అక్కడి దాకా పెద్దబాపు అడుగులు ఆరు వందల పది. బాపు నడిచినదానిలో సగం కంటే కాస్త ఎక్కువ. వయసు చూసి అడుగుల్లో సడలింపు ఇచ్చాను, పొద్దుల్లో ఇవ్వలేదు. మొదటి రోజు లిఫ్ట్ దాకా వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. అది చెల్లలేదని చెప్పాను. పన్నెండో రోజు గేటు దాటాడు, నలభయ్యో రోజు బర్రె ముందు బకెట్ దించాడు. ఆ రోజు నుంచే లెక్క. జ్వరం వచ్చిన రోజు చెల్లదు. వాన పడితే గొడుగు ఇస్తాను. బాపు గొంగడి కప్పుకుని పోయేవాడు.

ఆయన బాగుపడుతున్నాడు. ఒక రొట్టె పూర్తిగా తింటున్నాడు, రాత్రి ఆరు గంటలు నిద్రపోతున్నాడట. మాటలు అరవై దాటాక లెక్కపెట్టడం మానేశాను. చూసినవాళ్లు నన్ను మెచ్చుకుంటున్నారు, కన్నబిడ్డ కూడా ఇలా చూడదంటున్నారు. వాళ్లకు నేను చెప్పను. ఆయన యాదయ్యతో నవ్వుతుంటే, బర్రె వీపు మీద చెయ్యి వేసి నిలబడితే, నేను ఇంకా మొహం తిప్పుకుంటాను. ఆ నవ్వు ఉండాల్సింది చెక్క కొట్టిన కిటికీ వెనక ఉన్న మనిషికి. క్షమించావా అని ఒకసారి నర్సింగన్న అడిగాడు. క్షమిస్తే పొద్దున్నే ఉప్పల్ నుంచి ఎందుకొస్తాను, ఇంట్లో పడుకుంటాను కదా అన్నాను.

ఇవాళ పొద్దున కొట్టం నుంచి తిరిగొస్తూ పెద్దబాపు సందు మలుపులో ఆగాడు. ఖాళీ బకెట్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"సగం మాఫ్ జెయ్యరాదే" అన్నాడు.

"బాపుకెవ్వలు జేసిన్రు?"

పది అడుగులు నడిచాడు. నాకు వినపడేలా, తనలో తాను అనుకుంటున్నట్టు, "అయితె ఇంక మిగిలినయి తొమ్మిది వందల పదమూడు" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ అంకె రావడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఆయనా లెక్కపెడుతున్నాడని నాకు తెలియదు.

"ఇయ్యాలటిది కలుపుకున్నవ్" అన్నాను. "ఇంక గేటు రాలె. తొమ్మిది వందల పద్నాలుగు."